తెల్ల కారుకు పసుపు పెట్టొద్దన్నాడు

కారు వచ్చిన రోజు మా అత్త సిద్ధుల గుట్ట గుడి కింద, పదిమందీ చూస్తుండగా, కొడుకు చేత మాట పడింది. ఆమె చేసిన తప్పల్లా తడిపిన పసుపును వేలితో తీసి కొత్త కారు బానెట్‌కు రాయబోవడం.

"అమ్మా! పసుపు పెట్టకు! మరక పడ్తది!" అని మా ఆయన కేకవేశాడు. అటువైపు కొబ్బరికాయ కొట్టబోతున్న పూజారి కూడా చెయ్యి ఆపేశాడు.

మా ఆయనది పసుపు అడ్తి వ్యాపారం. ఆయన తండ్రి కూడా అదే చేశాడు. రైతు తెచ్చిన పసుపు కొమ్ములను కొనేవాళ్లకు చూపించి, బేరం కుదిర్చి, తూకం వేయించి, మధ్యలో కమీషన్ తీసుకోవడం మా ఇంటి బతుకు. సీజన్ వస్తే మా ఇంట్లో దిండు గలీబులు పసుపు, గోడ మీద స్విచ్చులు పసుపు, ఆయన బనియన్లు పసుపు. పెళ్లయిన కొత్తలో నేను ఆ బనియన్లను బండకేసి బాదుతుంటే, "అది లక్ష్మి, పోదు. విడిచిపెట్టు" అనేవాడు. అలాంటి మనిషికి ఆ రోజు పసుపు మరకగా కనబడింది.

మా అత్త వేలు గాలిలోనే ఆగిపోయింది. కాసేపు కొడుకును, కాసేపు వేలిని చూసుకుంది.

"పసుపు మరకనా రా? నీ పెండ్లిల నీకు ఒళ్లంత పూసిన. గప్పుడు మరక పడ్డదా?"

"మనిషి వేరు, కారు వేరు అమ్మా."

ఆ మాట పొరపాటున నోరు జారి వచ్చిందనుకున్నాను. ఆలోచించే అన్నాడని తర్వాత తెలిసింది.

చివరికి పూజారే మధ్యేమార్గం చెప్పాడు. టైరుకు పెట్టుకోవచ్చట, రబ్బరుకు ఏమీ కాదట. మా అత్తకు మోకాళ్లు వంగవు. నేను రెక్క పట్టుకుంటే ఆమె మెల్లగా కిందికి వంగి, నల్ల టైరు మీద ఇంత పసుపూ ఇంత కుంకుమా అద్దింది. లేస్తూ, "దీనికన్న ఎడ్లబండి నయం. బొట్టు పెడితే ఎద్దు తల వంచేది" అంది. మా ఆయన విన్లేదు. మెత్తటి గుడ్డతో బానెట్ మీద ఎక్కడో పడ్డ కొబ్బరినీళ్ల చుక్కను తుడుస్తున్నాడు.

తర్వాతి వారం కారుకు పూత వేయించడానికి నిజామాబాద్ వెళ్లాం. నన్నెందుకు తీసుకుపోయాడంటే, వెనక సీట్లో కూర్చుని దారిలో ఏ లారీ అయినా దగ్గరికొస్తే చెప్పడానికి. ఆ దుకాణం నిండా అద్దాలు, లైట్లు. పెళ్లికూతురిని ముస్తాబు చేసే గది లాగా ఉంది. చేతులకు నల్ల తొడుగులు వేసుకున్న ఒకాయన వచ్చి, పూత వేసిన రేకు ముక్క మీద నీళ్లు పోసి చూపించాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా జారిపోయాయి.

"చూసిండ్రా సార్? నీళ్లు నిలబడయి. దుమ్ము నిలబడది. ఎండకు రంగు పోదు."

మా ఆయన చేతులు జోడించడం ఒక్కటే తక్కువ. నేను అడిగాను: "గీతలు పడయా?"

"చిన్న చిన్న గీతలు పడయి మేడమ్."

"పెద్దవి?"

"పెద్దవి పడకుండ మీరు చూసుకోవాలె."

అంటే, అసలు కనబడని వాటిని పూత చూసుకుంటుంది, కనబడే వాటిని మనం చూసుకోవాలి. ఇంత మంచి బేరం మా అడ్తిలో ఏ రైతుకైనా చెబితే పసుపు బస్తా ఎత్తి మా నెత్తిన వేసేవాడు. మా ఆయన మాత్రం తల ఊపి, ముందు బంపరుకు కనబడని ప్లాస్టిక్ పొర కూడా వేయించమన్నాడు. కనబడనిదాన్ని వేశారో లేదో ఎలా తెలుస్తుందని అడగబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాను. కొడుకు పుట్టినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

ఇక ఇంట్లో చట్టాలు మొదలయ్యాయి. గాజులున్న చేతితో కారు తలుపు మూయకూడదు. చీర కొంగుకు పిన్ను ఉంటే తలుపుకు ఆనుకోకూడదు. కారు కడిగే బకెట్లో ఇంకేదీ తడపకూడదు. దాన్ని తుడిచే గుడ్డలు నీలం రంగువి, కుక్కపిల్ల వీపంత మెత్తగా ఉండేవి. ఒకరోజు అత్త అందులో ఒకటి తీసి ముఖం తుడుచుకుంటే ఆయన దాన్ని పారేసి కొత్తది తెచ్చాడు. అత్త ఆ పారేసిన గుడ్డను ఏరుకుని, ఉతుక్కుని, అప్పటినుంచి దాన్నే వాడుకుంది. మా ఇంట్లో ఆ కారు వల్ల సుఖపడిన మనిషి ఆమె ఒక్కతే.

మా ఇంటి గేటు చిన్నది. అందుకని కారును గల్లీలో, మా గోడ పక్కన, వేపచెట్టు కింద పెట్టేవాడు. ఎండకు రంగు పోదని దుకాణంవాడు చెప్పాడు కదా, మరి నీడ ఎందుకని అడిగాను. "జాగ్రత్త ఉంటే తప్పేంది?" అన్నాడు. తప్పు వేపచెట్టుదయింది. చెట్టన్నాక పిట్టలు వాలతాయి. పిట్టలన్నాక ఊరికే ఉండవు. పొద్దున లేస్తే కారు టాపు మీద తెల్లగా, నల్లగా రెట్టలు. ఆ రెట్టలో ఏదో మందు ఉంటుందట, అది పూతను తినేస్తుందట. ఫోన్లో వీడియో చూసి నాకూ చూపించాడు.

"చెట్టు నరికిద్దం" అన్నాడు.

"చెట్టు కింద నుంచి కారును జరుపరాదు?"

"ఎండల పెట్టాల్నా?"

ఆ చెట్టును మా మామగారు పెట్టాడు. సీజన్లో రైతులు వచ్చి, సంచులు దించి, దాని కింద కూర్చుని సద్ది విప్పుకునేవాళ్లు. గల్లీలోని ఆడవాళ్లు మధ్యాహ్నం బీడీలు చుట్టుకునేది అక్కడే. ఆయన మొత్తం నరికించలేదు, నిజం చెప్పాలి. కారు మీదికి వచ్చే కొమ్మలన్నీ కొట్టించాడు. మిగిలింది మొండెం. పిట్టలు పోయాయి. నీడ పోయింది. ఆడవాళ్లు వేరే గోడ వెతుక్కున్నారు. ఇప్పుడు కారు ఎండలో నిలబడింది కాబట్టి ఎండకు ఒక కవరు కావాల్సి వచ్చింది. వెండి రంగులో ఉండే మందపాటి కవరు తెచ్చి, కింద నుంచి తాళ్లు దూర్చి, కొక్కేలు బిగించి, రోజూ పొద్దున విప్పి తుడిచి, ఎండెక్కగానే మళ్లీ తొడిగేవాడు. పసిపిల్లకు కూడా అంత ఓపికగా గౌను తొడగడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

కొన్నాళ్లకు ఎడమవైపు తలుపు మీద గీత పడింది. పొడుగ్గా, సన్నగా, వెంట్రుక అతికించినట్టు.

ఆ పొద్దున ఆయన వేసిన కేకకు ఎవరో పడిపోయారనుకుని నేను పిండి చేతులతోనే బయటికి ఉరికాను. గల్లీలో అందరినీ నిలబెట్టి అడిగాడు. పాలవాడిని అడిగాడు, కూరగాయల బండి ఆమెను అడిగాడు. చివరికి మా పక్కింట్లో ఉండే బీడీలు చుట్టే ఆమె మీద పడ్డాడు. ఆమె మొగుడు దుబాయిలో పనిచేస్తాడు. ఇద్దరు పిల్లలతో ఇక్కడ ఉంటుంది. చుట్టిన బీడీల బుట్టను చంకన పెట్టుకుని రోజూ కార్ఖానాకు పోతుంది. మా కారు గల్లీని సగం ఆక్రమించింది కాబట్టి, గోడకూ కారుకూ మధ్య నుంచి పక్కకు తిరిగి పోవాలి.

"నీ బుట్ట గీసింది. చూసుకోని నడువవా?" అన్నాడు.

ఆమె బుట్టను కింద పెట్టింది. నెమ్మదిగానే అడిగింది.

"సేటు, గీ గల్లీ నీ కారుకు రాసిచ్చిండ్రా?"

"నోరు మంచిగ రానియ్యి."

"మంచిగనే అంటున్న. నా బుట్ట నా నడుము కాడ ఉంటది. గీత మోకాలు కాడ ఉన్నది. నేను బుట్టను ఈడ్సుకుంట పోతున్ననా?"

గల్లీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం కందిపోయింది. రేపటి నుంచి ఇటు నుంచి నడవొద్దని చెప్పి లోపలికి వచ్చేశాడు. ఆమె మర్నాటి నుంచి నిజంగానే వెనక గల్లీ చుట్టి పోయేది. ఎండలో, ఆ బుట్టతో. నేను పోయి, "ఆయన మాటలు పట్టించుకోకు చెల్లె, ఇటునుంచే పో" అన్నాను. "నాకేం ఫికర్ లేదక్కా. కారును చూస్తే నాకే ఒళ్లు మండుతది, గందుకే పోత లేను" అంది.

గీత ఎలా పడిందో నాకు ఆ వారంలోనే తెలిసింది. డాబా మీద బట్టలు ఆరేస్తూ కిందికి చూశాను. మా ఆయన కవరు విప్పుతున్నాడు. కింది తాడు కొక్కెం ఊడదీసి, కవరును అవతలి వైపు నుంచి బలంగా లాగాడు. ఆ కొక్కెం తలుపు మీదుగా గీసుకుంటూ, గలగలమంటూ పోయింది. ఆయన వినలేదు. చెవికి ఫోను ఉంది. నేను కిందికి దిగి చెప్పాను. తలుపు మీద పాత గీత పక్కన కొత్త గీత కూడా చూపించాను.

"కవరు ఎట్ల గీస్తది?" అన్నాడు. "అది కాపాడేటందుకే ఉన్నది గదా."

మరుసటి రోజు నుంచి కొక్కేలకు గుడ్డ పీలికలు చుట్టాడు. అంటే నమ్మాడన్నమాట. కానీ పక్కింటి ఆమె దగ్గరికి పోయి ఒక్క మాట అనలేదు. ఆమె వెనక గల్లీ నుంచే పోతూ వచ్చింది. ఆయన మాత్రం గల్లీవాళ్ల కళ్లు మంచివి కావని చెప్పి, కారును మా గోదాము ముందు ఖాళీ జాగాకు మార్చాడు.

గోదాము మార్కెట్ యార్డుకు దగ్గర్లోనే ఉంటుంది. రేకుల కప్పు. ముందు సిమెంటు చేసిన పెద్ద వాకిలి. రైతులు తెచ్చిన పసుపులో ఇంకా తేమ ఉంటే ఆ వాకిట్లో పరిచి ఆరబెడతారు. ఆ ఎండాకాలం గోదాము నిండా మక్కజొన్న బస్తాలు. అందుకే నందిపేట్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన పసుపును వాకిట్లోనే పరిచాడు.

ఆయన మా మామగారి కాలం నుంచి మా అడ్తికే వచ్చేవాడు. మేమందరం కాకా అనేవాళ్లం. వచ్చినప్పుడల్లా నాకు ఒక సంచిలో లేత మక్క కంకులు తెచ్చేవాడు. మాట తక్కువ. పసుపు కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసుకుని, తనలో తనే నవ్వుకునే మనిషి. తన పంట ఎలాంటిదో ఆయనకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకుని గోదాముకు వెళ్లాను. వెళ్లేసరికి గోదావరి వైపు ఆకాశం సిరా ఒలికినట్టు ఉంది. గాలి ఆగిపోయింది. కాకా, ఇద్దరు హమాలీలు కలిసి పరిచిన పసుపును పారలతో ఒక్కచోటికి కుప్ప చేస్తున్నారు. ఆ కుప్ప మీద కప్పడానికి కాకా తన టార్పాలిన్ విప్పాడు. అది ఆయనదే. ఊరి నుంచి ట్రాలీ మీద కప్పుకుని వచ్చినది. ఇది జ్ఞాపకం పెట్టుకుని తర్వాతది వినాలి.

మా ఆయన ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చి పైకి చూశాడు. తర్వాత కారు వైపు చూశాడు. దాని మీద వెండి కవరు ఉంది. కానీ గుడ్డ ఎంత మందమైనా గుడ్డే.

"రాళ్ల వాన పడేటట్టున్నది. గా టార్పాలిన్ ఇటు తేండ్రి! నాలుగు మడతలు పెట్టి కారు మీద వెయ్యిండ్రి!"

హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు అన్నాడు, "సేటు, పసుపు తడుస్తది."

"తడిస్తె ఎండుతది. రేకుకు సొట్ట పడ్తే దానంతట అది లేస్తదా? జల్ది తేండ్రి!"

కాకా చేతిలో టార్పాలిన్ కొస పట్టుకుని మా ఆయన్ని చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి ముఖంలో కొత్తగా ఏదో కనబడితే ఎలా చూస్తామో అలా. మా ఆయన తానే వచ్చి ఆ కొసను ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. ముసలాయన వదిలేశాడు. వదలకపోతే చినుగుతుందని కాబోలు.

నేను అన్నం డబ్బా మెట్టు మీద పెట్టి, పోయి టార్పాలిన్ అవతలి కొస పట్టుకున్నాను.

"కాకాది కాకాకు ఇయ్యి" అన్నాను.

"నీకు తెల్వదు, నువ్వు లోపటికి పో."

"నాకేం తెల్వదు? పసుపు తెల్వదా, కారు తెల్వదా?"

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవు."

"ఎవరు తీస్తున్నరో ఆ నలుగురినే అడుగు."

పక్క అడ్తిల వాళ్లు గడపల దగ్గర నిలబడి చూస్తున్నారు. మొగుడూ పెళ్లాలు నడివాకిట్లో ఒక టార్పాలిన్‌ను చెరో కొసా పట్టుకుని లాక్కోవడం వాళ్లు అంతకు ముందు చూసి ఉండరు. నేనూ అలాంటిది చేస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఇంతలో గాలి లేచింది. మొదటి రాయి నా భుజం మీద పడింది, రేగుపండంత. రెండోది గోదాము రేకుల మీద తుపాకీ పేలినట్టు మోగింది. పెద్ద హమాలీ మరేమీ ఆలోచించలేదు. వచ్చి నా పక్కన నిలబడి నా కొసను పట్టుకుని గుంజాడు. రెండోవాడూ వచ్చాడు. మా ఆయన చేతుల్లోంచి టార్పాలిన్ జారిపోయింది. మేం దాన్ని కుప్ప మీదికి లాక్కుపోయేసరికి వాన దబదబా మొదలైంది. కుప్ప ఒక పక్క అప్పటికే తడిసింది. నీళ్లు పచ్చగా కాలవ కట్టి మా కాళ్ల కింద నుంచి పారుతున్నాయి. కాకా గాలికి అంచులు లేవకుండా కుప్ప చుట్టూ తిరుగుతూ రాళ్లు పెడుతున్నాడు. తలపాగా ఎక్కడో పడిపోయింది.

అప్పుడు మా ఆయన ఏం చేశాడో చెబుతాను. కారు దగ్గరికి పరుగెత్తి, బానెట్ మీద బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ బార్లా చాచాడు. చెంప కవరుకు ఆనించాడు. ఆయన బట్టతల మీద, వీపు మీద రాళ్లు పడుతున్నాయి. పడ్డ ప్రతిసారీ కాళ్లు ఎగురుతున్నాయి. అయినా లేవలేదు.

భార్యగా నాకు జాలి కలగాలి. చాలాసేపు ఎదురు చూశాను, కలగలేదు. ఈ మనిషి జీవితంలో ఎవరికైనా అడ్డం పడ్డాడా అని వెతికాను. వాళ్లమ్మ కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు, "దవాఖానల చూసుకుంటరు లే" అని అడ్తికి వెళ్లిపోయిన మనిషి. నాకు కాన్పు కష్టమైనప్పుడు పసుపు వేలం ఉందని పోయిన మనిషి. ఇప్పుడు రేకుకు తన తల అడ్డం పెట్టాడు.

వాన వచ్చినంత తొందరగానే పోయింది. వాకిలంతా తెల్లని రాళ్లు. మా ఆయన నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి, నుదుటి మీద రక్తం. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. కారుంది కదా అనవచ్చు. సీటుకు రక్తం అంటుతుందని ఆయనే వద్దన్నాడు.

డాక్టరు కట్టు కడుతూ అడిగాడు, "రాళ్లు పడుతుంటే తలకు చేతులు అడ్డం పెట్టుకోలేదా?"

"చేతులు ఖాళీ లెవ్వు సార్" అన్నాడు మా ఆయన.

నేను గోడ మీద ఉన్న టీకాల పటం వైపు తిరిగి నిలబడ్డాను. బయటికి వచ్చాక ఆయన మొదటి మాట, "టాపు చూసినవా? మస్తు సొట్టలు పడ్డయా?"

"నేను కాకా పసుపు చూసిన" అన్నాను.

మర్నాడు కవరు విప్పితే కారు టాపు మీద మశూచి వచ్చిన ముఖంలాగా సొట్టలు. వెనక డిక్కీ మీద సొట్టలు. బానెట్ మీద మాత్రం, ఆయన పడుకున్నంత మేర సొట్ట లేదు. మా ఆయన గర్వంగా చెయ్యి వేసి తడిమి చూపించాడు. అంతలో ఆయన ముఖం మారింది. నడిమధ్యలో లోతుగా ఒక అడ్డగీత ఉంది. కవరు గుడ్డను చింపుకుని మరీ దిగింది. ఆయన బెల్టు బకిల్ గీసినది.

కనబడని పొరలూ, నీళ్లు నిలబడని పూతలూ వేసిన దుకాణానికి ఫోన్ చేశాడు. రాళ్ల వానకు తమకు సంబంధం లేదన్నారట. ఆ మాట అప్పుడే చెప్పలేదేమని అరిచాడు. "పెద్దవి మీరే చూసుకోవాలె" అని చెప్పారని నేను గుర్తు చేస్తే నా మీద అరిచాడు.

కారును నిజామాబాద్‌లో సొట్టలు తీసే షెడ్డులో ఇచ్చి వచ్చాడు. రోజూ పోయి ఎదురుగా కూర్చునేవాడు. సీజన్ నడుస్తోంది, అడ్తిలో రైతులు ఎదురు చూస్తున్నారు, ఆయన అక్కడ స్టూలు మీద కూర్చుని సుత్తి దెబ్బలు వింటున్నాడు. "జర మెల్లగ కొట్టు భాయ్" అంటూ ఉంటే, పని చేసేవాళ్లు విసిగి, "సేటు, మీరు ఇంట్ల కూసోండ్రి, లేకుంటే మేం కూసుంటం" అన్నారని ఆయనే చెప్పాడు. మర్యాద లేని మనుషులని వాళ్లను తిట్టుకుంటూ చెప్పాడు.

సొట్టలు తీశారు, పుట్టీ పెట్టారు, రంగు కొట్టారు. కారు తిరిగి వచ్చింది. ఇంటి ముందు ఆపి, అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"టాపు రంగు, డోర్ల రంగు ఒక్కతీరుగనే ఉన్నదా?" అని నన్ను అడిగాడు.

"లేదు."

"మంచిగ చూడు."

"మంచిగ చూస్తే ఇంక తేడా కనబడుతున్నది."

వాళ్లమ్మను కుర్చీతో సహా బయటికి తెప్పించి అడిగాడు. ఆమె నీలం గుడ్డతో కళ్లు తుడుచుకుని, తీరిగ్గా చూసి, "మీద పాలు, కింద మజ్జిగ" అంది. ఆయన కారును మళ్లీ షెడ్డుకు తోలాడు. తలుపులకు కూడా రంగు వేయించాడు. అప్పుడు తలుపులూ టాపూ కలిశాయి, బంపర్లు విడిపోయాయి. అన్నం తినేటప్పుడు కూడా తెలుపుల గురించే మాట్లాడేవాడు. తెలుపులో నీలం ఉంటుందట, ఎరుపు ఉంటుందట. లోకంలో ఎవరికీ కనబడని తేడా తన కళ్లకు కనబడుతుందని చెప్పుకున్నాడు.

ఆ కళ్లే కాకా పసుపును కూడా చూశాయి. తడిసిన పక్క కొమ్ములను కాకా మళ్లీ ఆరబెట్టాడు. ఎండాయి కానీ పైన నల్లబారాయి. కొనేవాడు వచ్చి గుప్పెడు తీసి చూసి పెదవి విరిచాడు. మా ఆయన ఒక కొమ్ము విరిచి వెలుగులో పెట్టి, "రంగు తగ్గింది కాకా. ఏం చేస్తం మరి?" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు తెలియదు. సిగ్గుపడుతూ అన్నా బాగుండేది. కారు రంగు గురించి మాట్లాడే ఆ గొంతుతోనే, తూనికరాయి పెట్టినట్టు అన్నాడు.

కాకా కొమ్మును కాదు, ఆయన్ని చూశాడు. "అవు సేటు. రంగు తగ్గింది" అన్నాడు. పసుపు గురించి అనలేదని అక్కడున్న హమాలీలకు కూడా అర్థమయింది. మా ఆయనకు కాలేదు.

పోయేముందు కాకా తన టార్పాలిన్‌ను శుభ్రంగా దులిపి మడతపెట్టాడు. నేను మంచినీళ్లు ఇస్తే తాగి, చెంబు చేతికిచ్చి, "బిడ్డా, నువ్వు పట్టుకోకపోతే మొత్తం కుప్ప పోతుండె. తడువని పక్కది మంచిగనే అమ్ముడుపోయింది" అన్నాడు. కారు వైపు ఒకసారి చూసి ట్రాలీ ఎక్కాడు.

మరుసటి సీజన్లో ఆయన ట్రాలీ మా అడ్తి ముందు నుంచే పోయి, నాలుగు దుకాణాల అవతల ఆగింది. ఆయన వెనక వాళ్ల ఊరివాళ్లవి, ఆ వెనక దొంకేశ్వర్ వైపు వాళ్లవి. ఎవరూ గొడవ పెట్టలేదు, ఎవరూ మాట అనలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టి పోయేవాళ్లు. మా ఆయన గడపలో నిలబడి పోయే ట్రాలీలను చూసి, "మనుషులకు విశ్వాసం లేదు. మా నాయిన జమానా నుంచి చూసుకున్నం వీళ్లను" అనేవాడు. పెద్ద హమాలీ కూడా ఆ దుకాణానికే పోయాడు. పనెక్కడుంటే అక్కడికి పోక ఏం చేస్తాడు?

మక్కల బస్తాలు లేచిపోయాయి. పసుపు రాలేదు. గోదాము ఖాళీ అయింది. మా ఆయన దాన్ని కడిగించి, గోడలకు సున్నం వేయించి, కారును లోపల పెట్టాడు. ఇప్పుడు దానికి ఎండ లేదు, వాన లేదు, పిట్టలు లేవు, బుట్టలు లేవు. పొద్దున పోయి తాళం తీసి, తుడిచి, కాసేపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వస్తాడు. గిరాకీ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "డల్లు నడుస్తున్నది" అంటాడు.

మొన్న కాకా వాళ్ల ఊళ్లో గ్రామదేవతలకు ఊర పండుగ. మనవడితో ఫోన్ చేయించాడు, తప్పక రావాలని. మా ఆయన్ని అడిగాను. ముందు పని ఉందన్నాడు, తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ రోడ్డు మీద కంకర పోస్తున్నారట, కారుకు రాళ్లు ఎగిరి తగులుతాయట.

నేనూ అత్తా నందిపేట్ పోయే ఆటో ఎక్కాం. పక్కింటి బీడీల ఆమె కూడా మాతోనే వచ్చింది. అక్కడ ఆమె చిన్నమ్మ ఉంటుంది. ఇరుక్కుని కూర్చున్నాం. ఒళ్లంతా దుమ్ము. అత్త దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. చాలా రోజులకు ఆమె అంత నవ్వడం చూశాను.

కాకా ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. అత్త చెయ్యి పట్టుకుని ఆటో దింపాడు. నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాడు.

"సేటు రాలేదా బిడ్డా?"

"లేదు కాకా. కారు తుడుస్తుండు."

"తుడువనీ" అన్నాడు కాకా. "గాయనకు గూడ ఏదో ఒక పని ఉండాలె గదా."

తర్వాత ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. లోపల విస్తళ్లు వేస్తున్నారు. కాకా కోడలు మమ్మల్ని పిలిచి, గాలి తగిలే చోట చాప వేసి కూర్చోబెట్టింది.